గోతిపొయ్యిలో వాగు రాళ్లు

సర్రీ నుంచి తిరిగొచ్చి ఐదు నెలలైంది. అక్కడ తినబోయే తిండి గురించి రాసి పంపుతానని బయల్దేరకముందే పత్రిక ఎడిటర్ గారికి మాటిచ్చాను. ఆయన రెండుసార్లు గుర్తుచేశారు. "మీ పాత వ్యాసాల్లాగే చదివితే నోరూరాలండీ" అన్నారు. నోరూరేలా రాయడం నాకు చేతనవును. ఇరవై ఏళ్లుగా ఏ ఊరు వెళ్లినా అక్కడి తిండి గురించి అలాగే రాస్తున్నాను. ఈసారి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. చదువుతుంటే మీకు ఎక్కడైనా నోరూరితే ఆ గొప్ప వండినామెది.

నేను పుట్టింది కోనసీమలో. ఉండేది కెనడాలో. ఎడ్మంటన్‌లో యూనివర్సిటీ లైబ్రరీలో పని. మా పిన్ని కూతురు సునీతను ఖమ్మం ఇచ్చారు. దాని కూతురు స్రవంతి అక్కడే ఒక స్కూల్లో లెక్కలు చెప్పేది. మన పిల్లలు విమానాల నిండా వచ్చి దిగుతున్న రోజుల్లో తనూ వచ్చి పడమటి తీరాన సర్రీలో ఒక ప్రైవేటు కాలేజీలో చేరింది. ఈ దేశంలో ఆ అమ్మాయికున్న ఒకే ఒక్క చుట్టాన్ని నేను. రెండేళ్లలో మూడుసార్లు ఫోన్ చేశాను. చూడ్డానికి ఒక్కసారీ వెళ్లలేదు.

మార్చిలో ఒకరోజు తన ఫోన్ స్టేటస్‌లో ఒక వీడియో కనిపించింది. పెరట్లో గొయ్యి, గోతిలోంచి ఆవిరి, మాడిన అరిటాకులు ఒక్కొక్కటే తొలగిస్తున్న బలమైన రెండు చేతులు. అదేమిటని అడిగితే, ఇంటి ఓనర్ సెలా ఆంటీది పసిఫిక్‌లోని టోంగా దీవులనీ, ఆ వంటను ఉము అంటారనీ చెప్పింది. కాల్చిన రాళ్ల మీద తిండి పేర్చి, ఆకులు కప్పి, మట్టి పోసి ఉడికించే పద్ధతి. ఎన్నో పుస్తకాల్లో చదివాను, ఎక్కడా తినలేదు. వారం తిరక్కుండా బస్సు టికెట్ కొన్నాను. పిల్లను చూడ్డానికి రెండేళ్లు కదలనిదాన్ని గొయ్యిని చూడ్డానికి కదిలాను.

బస్సులో

ఏప్రిల్‌లో కూడా కొండల మీద మంచు ఉంది. నా పక్క సీట్లో కరీంనగర్ వైపు ఆమె, ముప్పై ఏళ్లుంటాయి. ఎడ్మంటన్‌లో గిడ్డంగి ఉద్యోగం పోతే, సర్రీలో ముసలివాళ్ల ఆశ్రమంలో పని ఉందని స్నేహితురాలు పిలిచిందట. ఆమె సామానంతా రెండు బాస్మతి బియ్యం సంచుల్లో ఉంది.

కామ్లూప్స్‌లో బస్సు ఆగినప్పుడు నేను పద్నాలుగు డాలర్లు పెట్టి ఒక శాండ్‌విచ్ కొన్నాను. రొట్టె అట్టముక్కలా ఉంది. ఆమె అది చూసి తన డబ్బా తెరిచి పులిహోర సగం నా వైపు జరిపింది. పల్లీలు ఇంకా కరకరలాడుతున్నాయి.

"మీరు కూడా జాబ్ కోసమే పోతున్నరా ఆంటీ?" అని అడిగింది.

"లేదమ్మా. అక్కడ టోంగా వాళ్లు గోతిలో పెట్టి వండే వంట ఒకటుంది. తిని చూద్దామని."

ఆమె డబ్బా మూత పెట్టబోతూ ఆగింది. "తినుడుకే ఇంత దూరమా?"

"తినడానికే."

"మీకు మంచిగుంది ఆంటీ" అంది. అందులో ఎత్తిపొడుపు ఏమీ లేదు. ఉన్నా ఆ రోజు నాకు తెలిసేది కాదు. పులిహోర బాగుందని చెప్పి, చేతులు తుడుచుకుని కిటికీలోంచి కొండల్ని ఫోటోలు తీసుకున్నాను.

అప్పన్న గారి గుమ్మం

శుక్రవారం పొద్దున తలుపు తీసింది సెలా భర్త ముని అప్పన్న గారు. డెబ్భై దాటిన పొడుగాటి మనిషి, లారీ మెకానిక్‌గా రిటైరయ్యారు. నన్ను చూడగానే "బువ్వ తిన్నావా?" అన్నారు.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఏ ఊరు, ఏ జిల్లా, తెలుగు ఎలా వచ్చు అని గడగడా అడిగేశాను. ఆయన రెండు చేతులూ పైకెత్తి నవ్వారు. ఆ పలకరింపు కాక ఆయనకున్న తెలుగు నాలుగు మాటలు: బువ్వ, నీళ్లు, అవ్వ, పో. మిగతాదంతా ఫిజీ హిందీ, ఇంగ్లీషు. నా హైదరాబాదు హిందీతో ఆయన మాట సగం అర్థమయ్యేది, సగం ఊహించుకునేదాన్ని.

ఆయన అవ్వకు అమ్మను విశాఖ వైపు నుంచి ఓడలో చెరుకు తోటల కూలికి ఫిజీ తీసుకెళ్లారట. రెండు రోజుల ప్రయాణం, అక్కడ తోటలో కాయలు కోసే పని అని చెప్పి ఎక్కించాడట ఏజెంటు. "ఆ ఏజెంటు మా ముసలమ్మకి ఏదీ చూపించకుండా ఎక్కించాడు. ఇప్పుడు మా బేస్‌మెంట్‌లో ఉన్న ఆడపిల్లలకి అన్నీ ఫోన్‌లో చూపించి ఎక్కించారు" అన్నారాయన.

బేస్‌మెంట్‌లో ఆరుగురు అమ్మాయిలు, రెండు గదులు. అందరూ మనవాళ్లే. స్రవంతి కాఫీ షాపు టోపీ తలమీదే ఉండగా పరిగెత్తుకొచ్చి నన్ను కావలించుకుంది. ఫోటోల్లో కన్నా చిక్కిపోయింది. తన మంచం నాకిచ్చింది. దానిమీద పరిచిన దుప్పటికి షాపు మడతలు ఇంకా పోలేదు.

"నువ్వెక్కడ పడుకుంటావే?"

"కింద పడుకుంట పెద్దమ్మా. నాకు అలవాటే."

"కాలేజీ ఎలా ఉంది?"

"మంచిగనే ఉంది" అని, "సెలా ఆంటీ మీకోసం చేప చేస్తున్నది, పైకి పోదాం" అంది. నేను కూడా చేప గురించే ఆలోచిస్తున్నాను కాబట్టి రెండో ప్రశ్న అడగలేదు.

పైన సెలా వంటింట్లో పచ్చి చేపముక్కల మీద నిమ్మరసం పిండి, అవి తెల్లబడ్డాక ఉల్లిపాయ, టమాటా, పచ్చిమిర్చి వేసి, చిక్కటి కొబ్బరిపాలు పోసింది. పక్కన ఉడికించిన కర్రపెండలం. మా వైపు కర్రపెండలాన్ని సగ్గుబియ్యంగానో చిప్స్‌గానో చూస్తాం. అక్కడ అది అన్నం స్థానంలో ఉంటుంది. నిమ్మపులుపు, కొబ్బరి తీపి, చేప మెత్తదనం ఒకే గుక్కలో గొంతు దిగిపోయాయి. రెండోసారి పెట్టించుకున్నాను. సెలా మాత్రం మేమంతా లేచేదాకా తినలేదు. వాళ్ల పద్ధతిలో అతిథి ముందు తినాలి, అతిథి అడిగింది లేదనకూడదు. "మా ఇంట్లోనూ అంతే" అన్నాను. అది మా అమ్మమ్మ కాలం మాట.

ఇనుప పొయ్యి

భోజనమయ్యాక గొయ్యి చూపించింది. పెరటి చివర కంచెకు దూరంగా, మోకాలి లోతున ఉంది. పక్కనే తుప్పుపట్టిన ఇనుప ముక్కల గుట్ట. అవి లారీల పాత బ్రేక్ డ్రమ్ములు. అప్పన్న గారు వాటిని పగలగొట్టి తెచ్చిపెట్టారట.

"రాళ్లేవి?" అని అడిగాను.

"ఇక్కడ ఇనుముతోనే చేస్తాను. వేడి బాగా పట్టుకుంటుంది" అంది సెలా.

నా ముఖం ఎలా మారిందో నాకు తెలియదు కానీ ఆమెకు కనిపించింది. ఎడ్మంటన్ నుంచి వచ్చింది బ్రేక్ డ్రమ్ముల వంట చూడ్డానికా అనిపించింది నాకు. అనిపించినది అనకుండా ఊరుకోలేదు. "ఇనుముతో చేస్తే అది ఉము ఎలా అవుతుంది?" అన్నాను.

సెలా నొచ్చుకోలేదు. "మా అమ్మ కూడా అదే అంటుంది" అని నవ్వింది. తర్వాత మెల్లగా చెప్పింది. వాళ్ల దీవిలో రాళ్లు అగ్నిపర్వతం నుంచి వచ్చినవి, నల్లగా, సన్న బెజ్జాలతో ఉంటాయి. ఎన్నిసార్లు కాల్చినా పగలవు. ఇక్కడి రాళ్లలో ఏది ఎలాంటిదో ఆమెకు తెలియదు. నీళ్లలో నానిన రాయి అసలే పనికిరాదు, లోపలి తడి ఆవిరై రాయి పేలుతుంది.

"కానీ మీరు అంత దూరం నుంచి వచ్చారు" అంది చివరికి. "తోటలకు రాళ్లమ్మే యార్డులో నల్ల లావా రాయి దొరుకుతుంది. రేపు స్రవంతితో వెళ్లి ఒక బస్తా తెచ్చుకోండి. కింద నా ఇనుము వేస్తాను, పైన మీ రాళ్లు పది పెడతాను. ఆ యార్డు రాయే తేవాలి."

స్రవంతి తలూపింది. నేనూ ఊపాను.

చేమాకులు

శనివారం పొద్దున సెలాతో ఫిజీ వాళ్ల కిరాణా కొట్టుకి వెళ్లాను. గడ్డకట్టించిన చేమాకుల కట్ట తొమ్మిది డాలర్లు. అరిటాకులు కూడా ఐసు పెట్టెలోనే, పుస్తకంలా మడిచి, ప్లాస్టిక్‌లో చుట్టి ఉన్నాయి. పెళ్లిళ్లలో మేం తిని పారేసే ఆకును ఆమె రెండు చేతులతో పట్టుకుని చిరుగులున్నాయేమోనని దీపానికి ఎదురుపెట్టి చూసింది. పెండలం దుంపలు మాత్రం మా ఊరి సంతలో ఉన్నంత లావుగా ఉన్నాయి.

ఇంటికొచ్చాక పొట్లాలు కట్టడం నేర్పింది. నాలుగైదు చేమాకుల్ని అరచేతిలో గిన్నెలా పేర్చి, అందులో గొర్రె మాంసం ముక్కలు, ఉల్లిపాయ, ఉప్పు వేసి, కొబ్బరిపాలు పోసి, ఆకుల అంచులు మూసి, పైన అరిటాకు చుట్టి కట్టాలి. దాన్ని లూ అంటారు. మేం చేమాకు దురద విరగడానికి చింతపండు వేస్తామని చెప్పాను. వాళ్లు పులుపు వేయరు, ఎక్కువసేపు ఉడికిస్తారు, అంతే. నేను మాటల్లో పడి ఒక ఆకు అంచు నోట్లో వేసుకున్నాను. గొంతులో సూదులు గుచ్చినట్టయింది. సెలా పంచదార పెట్టింది. అప్పన్న గారు "నీళ్లు, నీళ్లు" అంటూ గ్లాసు తెచ్చి, తన తెలుగు అక్కరకొచ్చినందుకు మురిసిపోయారు. ఆ పూట అందరం బాగా నవ్వుకున్నాం.

ఇంకొకటి చెప్పింది సెలా. ఉముని ఒకసారి మూశాక మధ్యలో తెరిచి చూడకూడదు. మనం పులుసు పెడితే పది సార్లు మూత తీస్తాం, ఉప్పు చూస్తాం. ఆమె ఉప్పు చూడదు. మట్టి కప్పి చర్చికి వెళ్లిపోతుంది, వచ్చి తెరుస్తుంది.

వాగు ఒడ్డున

స్రవంతి షిఫ్ట్ మూడింటికి అయిపోవాలి. రావలసిన మనిషి రాకపోవడంతో మేనేజరు ఇంకో రెండు గంటలు ఉండమన్నాడు. బస్సు పట్టుకుని మేం రాళ్ల యార్డుకు చేరేసరికి గేటు వేసేశారు. ఆదివారం తెరవరట. సోమవారం పొద్దున నా తిరుగు బస్సు.

"ఇనుముతోనే చేస్తది పెద్దమ్మా ఆంటీ. టేస్ట్ ఒక్కటే ఉంటది. నేను మస్తు సార్లు తిన్న" అంది స్రవంతి.

యార్డు నుంచి బస్‌స్టాపుకి దారి ఒక పార్కులోంచి. పార్కు మధ్యలో వాగు పారుతోంది. ఒడ్డునంతా పిడికెడు నుంచి కొబ్బరికాయంత దాకా గుండ్రటి రాళ్లు, నున్నగా, బూడిదరంగులో. పుస్తకాల్లో చదివానని చెప్పానే, వాటిలోని ఫోటోల్లో రాళ్లు అచ్చం అలాగే ఉన్నాయి.

"ఇవి చాలవూ?" అన్నాను.

స్రవంతి ఆగిపోయింది. "నీళ్లల్ల రాయి ఒద్దన్నది కద ఆంటీ."

"ఇవి నీళ్లలో లేవుగా, ఒడ్డున ఉన్నాయి. చూడు, ఎండిపోయాయి."

"యార్డు రాయే తేవాలన్నది."

"రాయి రాయే కదే. రాత్రంతా హీటర్ పక్కన పెడదాం."

ఆ అమ్మాయి నా ముఖం చూసింది. నా మాటకు ఎదురుచెప్పగలిగిన పిల్లే. స్కూల్లో నలభై మందిని కూర్చోబెట్టిన మనిషి. కానీ నేను ఆమె ఇంటికి మొదటిసారి వచ్చిన పెద్దమ్మను. ఎల్లుండి వెళ్లిపోతాను, మళ్లీ ఎప్పుడొస్తానో తెలియదు. వంగి రాళ్లు ఏరడం మొదలుపెట్టింది. తన కాలేజీ సంచీలోంచి ఒక స్వెట్టరూ నీళ్ల సీసా తీసి నా చేతికిచ్చి, అందులో పది రాళ్లు వేసుకుని మోసింది. కాలేజీ సంచీలో పుస్తకం ఒక్కటీ లేదని అప్పుడు చూశాను. చూసి ఊరుకున్నాను.

ఆదివారం

సెలా ఆరున్నరకల్లా కట్టెలు పేర్చింది. చర్చి బట్టలు వేసుకుని, పైన పాత కోటు తొడుక్కుంది. రాళ్లు చూసి ఒకటి చేతిలోకి తీసుకుని బొటనవేలితో రుద్దింది.

"ఇవి యార్డువేనా?" అని నన్నడిగింది.

"అవును, కొన్నాం" అన్నాను.

"ఇంత నున్నగా ఉన్నాయి."

"నల్లవి అయిపోయాయట. ఇవే ఉన్నాయన్నారు."

స్రవంతి నేల చూపులు చూస్తోంది. సెలా ఇంకో క్షణం ఆ రాయి పట్టుకుని, తర్వాత పైన పెట్టింది. "మంట దిగి నిప్పులయ్యేదాకా ఎవరూ దగ్గరికి రాకండి" అని రెండుసార్లు చెప్పి, పొట్లాలు తేవడానికి లోపలికి వెళ్లింది. అప్పన్న గారు గోనెపట్టాలు తడుపుతున్నారు.

మంట బాగా లేచింది. ఎర్రటి కట్టెల మీద బూడిదరంగు రాళ్లు. ఇనుము అడుగున ఉండిపోయి ఎక్కడా కనబడటం లేదు. నాకు కావలసిన ఫోటో అదే.

"స్రవంతీ, ఒకటి తియ్యమ్మా. నేనిక్కడ నిలబడతాను."

దూరం నుంచి తీసి చూపించింది. రాళ్లు సరిగా కనబడటం లేదు.

"ఇంకొంచెం దగ్గరికెళ్లి తియ్యి. వంగి తియ్యి."

వంగింది. మొదటి శబ్దం టపాకాయలా వచ్చింది. రెండోది దానికన్నా గట్టిగా వచ్చింది. నా కోటు మీద నిప్పురవ్వలు పడితే దులుపుకున్నాను. తలెత్తేసరికి స్రవంతి గడ్డిలో కూర్చుని ఉంది. ఫోన్ ఒక చేతిలో ఉంది, రెండో చెయ్యి కుడికంటి మీద ఉంది. అరవలేదు. "ఏం గాలే, ఏం గాలే" అంటోంది.

వంటింట్లో కన్ను కడిగాం. రెప్ప మీద చిన్న గాటు, కొంచెం రక్తం. తెల్లగుడ్డు ఎర్రబడింది. కనబడుతోందా అంటే కనబడుతోందంది. సెలా "ఆస్పత్రికి వెళ్దాం" అంది. అప్పన్న గారు అప్పటికే కారు తాళాలు తీశారు.

"ఒద్దు పెద్దమ్మా" అని స్రవంతి నా చెయ్యి పట్టుకుంది. వాళ్లకు తెలియకుండా తెలుగులో చెప్పింది. "నేను జనవరి నుంచి కాలేజీకి పోతలేను. ఈ కోర్సు చేసినా వర్క్ పర్మిట్ రాదని అప్పుడు చెప్పిండ్రు. చేరేటప్పుడు ఎవ్వరు చెప్పలే. ఇన్సూరెన్స్ కూడ బంద్ అయింది. హాస్పిటల్ల పర్మిట్ అడుగుతరు. స్టేటస్ పోయిందంటే ఇంటికి పంపుతరు. అమ్మకు తెల్వదు. మీరు చెప్పొద్దు."

"కన్ను కదే."

"చిన్నగ గీసుకపోయింది, అంతే. రేపటికి తగ్గుతది. మీరు వాళ్లకు చెప్పండి, ప్లీజ్."

ఆ నిమిషంలో నేనేం ఆలోచించానో రాయాలి. ఆమె భయం నిజమా కాదా అని ఆలోచించలేదు. ఆస్పత్రికి వెళ్తే రాయి ఎక్కడిదని అడుగుతారు, సెలా ముందు నా అబద్ధం బయటపడుతుంది అని ఆలోచించాను. పూటంతా అక్కడే గడిచిపోతుందని కూడా ఆలోచించాను.

అప్పన్న గారి వైపు తిరిగి హిందీలో చెప్పాను. "చిన్న గీతే అంకుల్. కంగారేమీ లేదు. నేను పెద్దమ్మను కదా, నేను చూసుకుంటాను."

ఆయన నన్నూ పిల్లనూ చూసి, తాళాలు మళ్లీ మేకుకి తగిలించారు. సొంత మనిషి మాట కాదని ఎవరు మాత్రం పట్టుబడతారు?

బయట నిప్పు వృథాగా పోతోంది. సెలా వెళ్లి ఇనుము సర్ది, పొట్లాలు పేర్చి, అరిటాకులు, తడిపట్టాలు కప్పి, మట్టి పోసింది. పగిలిన రాయి ముక్క ఒకటి ఆమె కోటు జేబులో వేసుకోవడం చూశాను. తర్వాత చర్చికి వెళ్లింది. స్రవంతి పేరు చెప్పి అందరి చేతా ప్రార్థన చేయించిందని అప్పన్న గారు నాకు తర్వాత చెప్పారు.

మట్టి తీశాక

పన్నెండున్నరకు తెరిచారు. ఆవిరి తగ్గేదాకా ఆగి, మట్టి రాలకుండా పట్టాలు అంచుల నుంచి లోపలికి మడిచి ఎత్తింది సెలా. ముందు తడిమట్టి వాసన, ఆ తర్వాత పొగ, అరిటాకు, కొబ్బరి. నా పొట్లం విప్పితే చేమాకులు నల్లటి ఆకుపచ్చగా, వెన్నలా అయిపోయి ఉన్నాయి. గొర్రె కొవ్వు కొబ్బరిపాలలో కరిగి, ఆకుల్లో ఇంకి, మాంసం వేలు తగిలితే విడిపోతోంది. దురద లేదు. పెండలం దుంపలకు ఒక పక్క సన్నగా మాడిన పెచ్చు కట్టింది. ఆ పెచ్చు రుచి మా అమ్మ కుంపట్లో కాల్చిన దుంపకు కూడా రాలేదు.

రెండు లూలు తిన్నాను. వాటి రుచి ఇంత వివరంగా గుర్తుండటం నాకు సిగ్గుగా ఉంది, కానీ గుర్తుంది.

స్రవంతి నా పక్కనే కూర్చుంది. కంటి మీద దూది, దానిమీద గుడ్డ. ఒంటి కన్నుతో పొట్లం విప్పుకోవడం కుదరక వేళ్లతో తడుముకుంటుంటే సెలా విప్పి పెట్టింది. "మంచిగుందా పెద్దమ్మా? మీరు అనుకున్నట్టే ఉందా?" అని స్రవంతి నన్నడిగింది.

"బ్రహ్మాండంగా ఉంది" అన్నాను.

మూడింటికి మళ్లీ షిఫ్ట్‌కి బయల్దేరింది. కాఫీ షాపు పక్కనే మందుల షాపు ఉందంటే వెంట వెళ్లాను. కౌంటర్లో ఉన్న పంజాబీ ఆవిడ గుడ్డ ఎత్తి చూసి, "ఇది నా పని కాదు. ఈరోజే, ఇప్పుడే డాక్టరుకి చూపించండి" అంది. నేను కంటిచుక్కలు కొన్నాను. బయటికొచ్చాక "రేపు డాక్టరుకి చూపించుకోమంటోంది" అని స్రవంతితో చెప్పాను. ఇప్పుడే అన్న మాట రేపు అయింది. ఎందుకలా మార్చానో ఇప్పటికీ నాకు సరిగ్గా చెప్పుకోవడం రావడం లేదు. సోమవారానికి నేను ఆ ఊళ్లో ఉండను కాబట్టి అనుకుంటాను.

తిరుగు బస్సు

సోమవారం పొద్దున స్రవంతి మంచం దిగువన గోడవైపు తిరిగి పడుకుని ఉంది. తలదాకా కప్పుకుంది.

"కన్ను ఎలా ఉందే?"

"వెలుగుకు గుచ్చుతున్నది, అంతే. మీరు పోండి పెద్దమ్మా, బస్సు పోతది."

పోయాను. సెలా గుమ్మం దగ్గర రేకు కాగితంలో చుట్టిన లూ ఒకటి చేతిలో పెట్టింది, దారిలో తినమని. కళ్లలోకి చూడలేదు. కామ్లూప్స్‌లో ఆ పొట్లం విప్పి తిన్నాను. చల్లారినా బాగుంది.

ఎడ్మంటన్

బుధవారం సాయంత్రం అప్పన్న గారు ఫోన్ చేశారు. మంగళవారానికి కన్ను వాచి మూసుకుపోయి, జ్వరం వచ్చి, వాంతులు అవుతుంటే ఆయన అడగడం మానేసి కారులో ఎక్కించుకుని ఆస్పత్రికి తీసుకెళ్లారు. నల్లగుడ్డు వెనక నువ్వుగింజంత రాతిముక్క ఉంది. ఆపరేషన్ చేసి తీశారు కానీ అప్పటికే చీము పట్టింది. ఆదివారమే తెచ్చి ఉంటే ఎక్కువ ఆశ ఉండేదని డాక్టరు అన్నాడట. కుడికంటికి ఇప్పుడు వెలుగు, చీకటి తేడా తెలుస్తుంది. అంతకుమించి రాదు.

"పర్మిట్ అడిగారా?" అన్నాను.

"ఎవరూ అడగలేదు. పేరు, పుట్టిన తేదీ, నొప్పి ఎంతుందని అడిగారు" అన్నారాయన. ఫోన్ సెలాకిచ్చారు.

ఆమె తిడుతుందని సిద్ధపడ్డాను. తిడితే నేనూ ఏదో ఒకటి చెప్పుకునేదాన్ని.

"రాయి పగిలిన చోట చూశాను. యార్డుది కాదని నాకు చేతిలోకి తీసుకున్నప్పుడే అనుమానం వచ్చింది" అంది సెలా. "వద్దని ఉండాల్సింది. మీరు అతిథి అని అనలేకపోయాను. అది నా తప్పు."

కాదు, నాదే తప్పు అని నేననాలి. "స్రవంతికి నేను అడిగానని చెప్పండి" అన్నాను.

వస్తానని స్రవంతికి ఫోన్ చేస్తే వద్దంది. కోపంగా కాదు, మామూలుగానే. "మీరొచ్చి ఏం చేస్తరు పెద్దమ్మా? సెలా ఆంటీ చూసుకుంటున్నది." కాఫీ షాపు వాళ్లు కిటికీ దగ్గర పని తీసేసి, వెనక గిన్నెలు కడిగే పని ఇచ్చారట. ఫోన్ పెట్టేముందు ఒకటి అడిగింది. "అమ్మకు షాపుల పైనుంచి డబ్బా మీద పడ్డదని చెప్పిన. మీరూ అదే చెప్పండి."

వారం తర్వాత సునీత ఫోన్ చేసింది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది.

"అక్కా, డబ్బా మీద పడ్డనాడు నువ్వు అక్కడే ఉన్నావంట కదా. కన్ను కడిగి, మందు కొనిచ్చి, అంతా నువ్వే చూసుకున్నావని చెప్పింది. ఆ దేశంలో దానికి నువ్వు ఒక్కదానివి ఉన్నావు. నువ్వే లేకపోతే నా పిల్ల ఏమైపోయేదో అక్కా."

నేను కుర్చీలో కూర్చున్నాను. చెప్పడానికి చాలా సమయమే దొరికింది. అటువైపు సునీత ముక్కు చీదుకుంటూ నా మాట కోసం ఆగింది.

"మన పిల్లే కదే సునీతా, అందులో ఏముంది" అన్నాను.